షాహీన్ దరఖాస్తు, మొండికేసిన సర్వర్

ఈరోజు మధ్యాహ్నం ఫలక్‌నుమాలోని మా ఆఫీసులో ఇంటర్నెట్ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. మా దగ్గర పేరు, పాస్‌వర్డ్ ఇస్తేనే నెట్ తెరుచుకుంటుంది, ఆ సర్వర్లు చూసుకునేది నేనే. మనం కొట్టిన పాస్‌వర్డ్ సరైనదో కాదో డొమైన్‌ని, అంటే అందరి పాస్‌వర్డ్‌లు ఉండే మెయిన్ కంప్యూటర్‌ని, అడిగి చెప్పే చిన్న కమాండ్ ఒకటి మా లైనక్స్ సర్వర్‌లో ఉంది. ఎవరి పేరు ఇచ్చినా తప్పనే చెప్పింది, చివరికి నా పేరు ఇచ్చినా అంతే.

టైపిస్టు షాహీన్ నా కుర్చీ వెనకే నిలబడింది. టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు పంపాలి, ఐదింటికి గడువు అయిపోతుంది. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకిదే ఆఖరి అవకాశం. బయట కరెంటు లేక నెట్ సెంటర్లన్నీ మూసేశారు, మా ఆఫీసు మాత్రం జనరేటర్ మీద నడుస్తోంది. నేను సర్వర్‌లో నడిచే సర్వీసులన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టాను.

"సార్, మీ స్క్రీన్ మీద టైమ్ ఏంది గట్లున్నది? నాలుగున్నరే అంటున్నది. నా వాచీల పావు తక్కువ ఐదు అయింది," అంది ఏడుపు గొంతుతో.

మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు సర్వర్ గడియారం వెనకబడింది. టైమ్ తేడా వస్తే డొమైన్ మన మాట నమ్మదు. సరిచేసి కమాండ్ కొట్టాను. ఒప్పుకుంది. ఐదుకి మూడు నిమిషాలుందనగా దరఖాస్తు వెళ్లింది. షాహీన్ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది.

ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న నేను గంటన్నర వెతికి, గడియారం మాత్రం చూడలేదు. ఇంత తెలివి మీరెవరైనా చూపించి ఉంటే కింద రాయండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.