అమ్మ అనని మాట

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

చీపురుపల్లి దగ్గర మా ఊరు. గ్రామదేవత పండగలో అమ్మ నా ఒంటి మీదికి వస్తుంది. ఆ గడియలో నేనేమంటే ఊరికి అదే అమ్మ ఆన.

ఆ ఏడు సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. పాత సర్పంచి తన కోడలిని నిలబెట్టాడు. ఎదురుగా ఎస్తేరు నిలబడింది. చర్చి వీధి మనిషి, ఆశా కార్యకర్త. పురుళ్లకు, జ్వరాలకు ఏ వీధికైనా పరిగెత్తేది కనుక మా వీధి ఆడవాళ్లు కూడా ఆమెకే ఓటన్నారు. పాత సర్పంచి వచ్చి, అమ్మ చేత ఒక్క మాట అనిపించమన్నాడు. ఏమీ ఇవ్వలేదు, బెదిరించలేదు. మరి ఎందుకు ఒప్పుకున్నాను? ఒకప్పుడు బిడ్డకు జ్వరమొస్తే ముందు నా గుమ్మం తొక్కిన వాళ్లంతా ఎస్తేరు ఇంటికి పోతుంటే ఓర్వలేకనా?

అవును. అదే.

పండగ పొద్దున వేపమండలు పట్టుకుని ఊగాను. నాకు పూర్తిగా తెలివుంది. "నన్ను మొక్కనోళ్ల సేతిలో ఊరెడితే ఊరుకోను" అని అరిచాను. జనం నేల మీద పడి దండాలు పెట్టారు.

ఎస్తేరు ఓడిపోయింది. అక్కడితో ఆగలేదు. అమ్మకు కోపమని, ఆ ఏడు ఊడ్పులకు చర్చి వీధి వాళ్లనెవరూ పిలవలేదు. ఎస్తేరు భర్త బిల్డింగు పనులకు చెన్నై పోయాడు. అతన్ని రైలెక్కించి ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది.

"పిన్నీ, ఆ మాట అమ్మ సెప్పిందా, నువ్వు సెప్పినావా?"

"అమ్మే సెప్పినాది. నానేటి సేస్తాను?" అన్నాను, ఆమె కళ్లలోకి చూస్తూనే.

"అలాగైతే నానేటి తప్పు సేసినానో మీ అమ్మనే అడుగు."

ఆరు నెలలకు అతన్ని అంబులెన్సులో తెచ్చారు. మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద కదలిక లేదు. ఇప్పటికీ మంచం మీదే.

ఆ పండగ తర్వాత అమ్మ నా మీదికి రాలేదు. అయినా ఏటా ఊగుతున్నాను, ఊరు దండం పెడుతూనే ఉంది. అంతకుముందైనా నిజంగా వచ్చేదా అని నన్ను నేను అడిగితే, ఇప్పుడు అదీ గట్టిగా చెప్పలేకపోతున్నాను.

ఎస్తేరు నెలకోసారి వచ్చి నాకు బీపీ చూస్తుంది. మొన్న ఆమె నా చేతికి పట్టీ చుడుతుంటే చెప్పేద్దామని నోరు తెరిచాను.

"మాటాడకు పిన్నీ, బీపీ తప్పు సూపిస్తాది" అంది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. ఇక్కడ మాత్రం రాశాను. ఆ మాట నాది.