దారం మీద పోయే ఊపు

ఆ తగువులో నాగవేణి ఒక్క మాటయినా వినకుండానే గెలిచింది. ఆ సంగతి ఎమ్మిగనూరు నేతవీధి మొత్తంలో కనిపెట్టింది పక్కింటి రంగమ్మ ఒక్కతే.

మగ్గానికెక్కించే పడుగును వీధి పొడవునా సాగదీసి, దారాలు సరిచేస్తోంది నాగవేణి. పడుగులిచ్చే షావుకారి మనిషి అశోక్ బండి దిగకుండానే మొదలుపెట్టాడు.

“నీ మగ్గమెక్కితే సాలు, ప్రతి పడుగూ తెగుతాది. సేతగాకుంటే సెప్పమ్మా, ఇంకొకరికిస్తాం!”

నాగవేణి అతని మొహం వంక చూసింది. దారాల పాయ ఒకటి పట్టుకుని గట్టిగా విదిలించింది. ఆ ఊపు గూని లేచినట్టు లేచి అవతలి గుంజ వైపు పరుగెత్తింది. గుంజ దాకా పోయి రావలసినదాంట్లో కొంత సగం దారిలోనే తిరిగొచ్చింది. అది ఆమె వేళ్లకు తెలిసింది.

“ఆ నల్లా కాడ సూడప్పా. మీ కొట్లో ఏసిన ముడే అది. కైరుప్పలకు పంపియ్యి, పిడకల పండగలో పిడకలకు బదులు ఒకరిమీదొకరు ఇసురుకుంటారు.”

వెళ్లి చూస్తే నిజంగానే ఉండ కట్టిన ముడి. వీధి వీధంతా నవ్వింది. అశోక్ మొహం మాడ్చుకుని బండెక్కి, ఆమె వెనక హారన్ మోగించాడు. నాగవేణి జరగలేదు. బండి కొంగును రాసుకుంటూ పోయింది. అందరూ ఆమె పొగరును మెచ్చుకున్నారు. రంగమ్మ మెచ్చుకోలేదు. పొగరు తనకూ ఉంది. అయినా వెనక హారన్ మోగితే గెంతుతుంది.

మధ్యాహ్నం ఆ ఇంటికి పోయి, మగ్గం గుంటలో కూర్చున్న నాగవేణి వెనక నిలబడి, తనకు తెలిసిన తిట్లలో మేలైనది ఏరి తిట్టింది. ముప్పై ఏళ్లుగా ఒక తిట్టుకు రెండు తిరిగిచ్చిన మనిషి తలయినా తిప్పలేదు. రంగమ్మ ముందుకొచ్చి నిలబడింది.

నాగవేణి ఆమె పెదాల వైపు చూసింది. “తెలిసిపోయినాదా అక్కా? పిలిస్తే పలకనిదానికి పడుగెవురిస్తారు? షావుకారికి తెలిస్తే నా మగ్గం మూలకే.”

“మరి పొద్దున ముడి యాడుందో ఎట్ల కనుక్కున్యావే?”

“దారం యాడికీ పోదక్కా. ఊపొక్కటే పోతాది, అడ్డం తగిలితే తిరిగొస్తాది. దానికి సెవులతో పనేముంది?”

నాగవేణి కిటికీలోంచి రంగమ్మ అరుగు దాకా అప్పటికే దారాలు పేనిన పురి ఒకటి లాగి ఉంది.

“నువ్వెట్లాగూ దినమంతా అరుగు మీదే కూసోని వీధిని తూర్పారబడతాంటావు. ఆ కొన నువ్వు పట్టుకో, ఈ కొన నా నడుముకు కట్టుకుంటా. బిగించి పట్టు, వదులుంటే ఊపు నా కాడికి రాకముందే సచ్చిపోతాది. ఎవురన్నా వస్తే ఒకసారి ఊపు. అశోకయితే రెండుసార్లు. నన్ను తిట్టాలనిపిస్తే మూడు. లేసొచ్చి నీ ముందర కూసుంటా, అప్పుడు తిట్టు.”