తిన్న గడ్డకు పేరు

యూనివర్సిటీలో మా బోటనీ సారు రిటైరయ్యే ముందు చేసిన చివరి సర్వేలో నేను ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. తిరుపతి చుట్టుపక్కల గుట్టల మీద ఏయే మొక్కలున్నాయో తిరిగి చూసి, ఒక్కో రెమ్మ కోసి, న్యూస్ పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, వాటి పేర్లు తేల్చడం మా పని. నాది చిత్తూరు. ఎమ్మెస్సీ బోటనీ అయ్యాక రెండేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి విసిగిపోయి వచ్చాను. మొక్కకు పేరు కనుక్కోవడం చాలా స్పష్టమైన పని అని అప్పట్లో నా నమ్మకం. పుస్తకం వరసగా ప్రశ్నలు అడుగుతుంది. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా? రేకులు కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా? ఒక్కోదానికి జవాబు చెప్పుకుంటూ పోతే చివర్లో పేరు దొరుకుతుంది. కాలేజీలో పిల్లలకు కూడా అలాగే చెప్పాను.

ఆ ఏడాది తొలి వానలు పడ్డాక చంద్రగిరి దాటి ఒక గుట్ట ఎక్కాం. పొద్దున్నుంచీ తిరిగినా కొత్తగా ఏమీ దొరకలేదు. మధ్యాహ్నానికి ఒక బండ నీడలో కూర్చుంటే, అక్కడ మేకలు మేపుకుంటున్న భార్యాభర్తలు పలకరించారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. మేం తెచ్చుకున్న పులిహోర వాళ్ళకు కొంచెం పెట్టాం. ఆమె తన కొంగులోంచి ఉసిరికాయంత గడ్డలు నాలుగైదు తీసి, కాడలు తుంచి, మట్టి తుడిచి, గోటితో పైపొర ఒలిచి మా చేతుల్లో పెట్టింది. పచ్చివే. కొరికితే కరకరలాడాయి. నీళ్ళు ఊరి, మొదట తియ్యగా, ఆ తర్వాత నాలుక మీద కొంచెం వగరుగా అనిపించింది. సారు రెండు తిన్నారు, నేనూ రెండు తిన్నాను. అవేం గడ్డలని అడగాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ఆకలి మీద ఉన్నాం.

తిన్నాక చేతులు కడుక్కుంటూ కింద చూశాను. గడ్డల్ని తుంచేసి ఆమె పక్కన పారేసిన కాడలు అక్కడ పడి ఉన్నాయి. గడ్డిపోచల్లాంటి సన్నని ఆకులు. వాటిలో ఒక కాడకు పువ్వు ఉంది. చిటికెన వేలి గోరంత ఉంటుందేమో. ముదురు వంకాయ రంగు, అంచుల్లో సన్నటి నూగు. తీసి సారుకు చూపించాను. ఆయన దగ్గరి చూపు కళ్ళజోడు కింద జీపులోనే మర్చిపోయారు. పువ్వును కళ్ళకు దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూశారు. జిల్లేడు కుటుంబంలోదే అన్నారు, ఇలాంటి రంగు ఈ గుట్టల్లో తానెప్పుడూ చూడలేదన్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా కొండలెక్కిన మనిషి. కొత్త మొక్క ఒక్కటీ ఆయన చేతికి చిక్కలేదని డిపార్టుమెంటులో అందరికీ తెలుసు.

నేను భూతద్దం పెట్టి చూశాను. ఫోనుతో ఫొటోలు కూడా తీశాను.

ఈ మొక్క పేరేమిటని ఆమెను అడిగాం. పాలగడ్డ అంది. తుంచిన కాడను చూస్తే పాలు లేవు, నీళ్ళలాంటి జిగురు మాత్రం ఉంది. ఇంతలో ఆమె భర్త అడ్డం వచ్చాడు.

"ఇది పాలగడ్డ కాదు సామీ. పాలగడ్డకు ఆకు యెడల్పుగా ఉంటాది. ఇది నీళ్ళగడ్డ."

"నీళ్ళగడ్డ తీగ గదా. నీకేం తెలుసు, గమ్మునుండు," అందామె.

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి ఆయన, మా అమ్మ దీన్ని ఏమనేదో ఇప్పుడు గుర్తు రావడం లేదని ఒప్పుకున్నాడు. ఆమె కూడా తగ్గి, తినేదాన్ని అంతా పాలగడ్డే అంటామని చెప్పింది. యాడ తవ్వినావని సారు అడిగితే ఆమె పడమటి వాలు చూపించింది, ఆయన తూర్పు వాలు చూపించాడు. మేం రెండు వైపులా వెతికాం. గడ్డి మధ్యలో గడ్డిలాంటి ఆకులు. పువ్వు లేకపోతే అది గడ్డిపోచో ఆ మొక్కో పైనుంచి చూసి చెప్పలేం. పొద్దు వాలేదాకా మొదళ్ళు తవ్వి చూస్తూ వెతికితే, గడ్డ ఉన్న మొక్కలు నాలుగు దొరికాయి, ఒక్కదానికీ పువ్వు లేదు. మా దగ్గరున్న పువ్వు ఒక్కటే, అది అప్పటికే వాడిపోయింది. దాని గడ్డ మా కడుపులో ఉంది.

దిగేటప్పుడు సారు ఉన్నట్టుండి అడిగారు, "నీకు రుచి గుర్తుందామ్మా?" తియ్యగా ఉండి చివర్లో వగరని చెప్పాను. ఆయనకు చేదుగా అనిపించిందట. వేర్వేరు గడ్డలు తిన్నామా అని నేను అడిగాను. ఆయన నవ్వారు.

ఫొటోలు, ఆరబెట్టిన రెమ్మ వివరాలు పక్క రాష్ట్రంలో ఉన్న ఒక పెద్దాయనకు పంపాం. ఆ రకం మొక్కల మీద ఆయన మాటే చివరి మాట. వారం తిరక్కుండా ఫోన్ చేశారు. సారు స్పీకర్ పెట్టారు. పువ్వులో అయిదు రేకుల కొనలు పైన ఒకదానితో ఒకటి అతుక్కుని చిన్న గూడులా ఉంటే ఇది కొత్త జాతి అయ్యే అవకాశం ఉందని, కొనలు విడిగా ఉంటే ఎప్పుడో తెలిసిన పాత మొక్కేనని ఆయన చెప్పారు. ఆరిన పువ్వులో కొనలు విడిపోయి ఉన్నాయి, అయితే ఆరేటప్పుడు విడిపోవచ్చు. ఫొటోలో కెమెరా నా అరచేతి గీతల్ని స్పష్టంగా పట్టింది, పువ్వు మసకగా పడింది. తాజా పువ్వును ఎవరు దగ్గరగా చూశారని ఆయన అడిగారు.

సారు నా వైపు చూశారు.

నాకు గుర్తు ఉండాలి. భూతద్దంలో చూసింది నేనే. ఆ రంగు గుర్తుంది, నూగు గుర్తుంది, పువ్వు మీద పాకుతున్న ఎర్ర చీమ కూడా గుర్తుంది. కొనలు కలిసి ఉన్నాయా? కళ్ళు మూసుకుంటే కలిసి ఉన్నట్టే కనపడింది. వెంటనే విడిగానూ కనపడింది. రేపు చెప్తానన్నాను. ఆ సాయంత్రం రూముకు వెళ్ళి కాగితం మీద రెండు రకాలుగా పువ్వు బొమ్మ గీశాను. రెండూ నేను చూసిన పువ్వులాగే ఉన్నాయి. చిత్తూరుకు ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. ఇంట్లో స్టవ్ ఆపానో లేదో గుర్తుకు రానట్టే ఇదీ అంది. అందులో నాకేమీ ఊరట దొరకలేదు. స్టవ్ అయితే వెళ్ళి చూసుకోవచ్చు.

మరుసటి రోజు సారు గదిలోకి వెళ్ళాను. ఆయన టీ తెప్పించారు. నా మాట మీద ఇంత పని ఆగడం అదే మొదటిసారి. కలిసి ఉన్నాయి అంటే ఆయన నమ్ముతారు, నాకు తెలుసు. నమ్మాలని ఉన్నట్టు కూడా కనపడుతోంది. కలిసి ఉన్నాయని నేను నిజంగా అనుకుంటున్నానా, లేక ఆయన కోసం అనుకుంటున్నానా అన్నది తేల్చుకోలేకపోయాను.

"నాకు తెలీడం లేదు సార్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. టీ తాగి, "అయితే మళ్ళా పువ్వు పూసేదాకా ఉందాం," అన్నారు. ఆయన మొహంలో నిరాశ కోసం వెతికాను. కనపడలేదు. కనపడకపోవడం నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

మరుసటి ఏడాది వానలు ఆలస్యంగా పడ్డాయి. పడ్డ మూడో రోజే వెళ్ళాం. ఈసారి సారు రెండు కళ్ళజోళ్ళు తెచ్చుకున్నారు. మేకల దంపతులు మమ్మల్ని గుర్తు పట్టారు. ఆమె మమ్మల్ని తూర్పు వాలుకు తీసుకెళ్ళింది. పోయినసారి పడమర చూపించావు కదా అంటే, ఇదే చూపించినానే అంది. అక్కడ మొక్కలు చాలా ఉన్నాయి, పూలూ ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని మొదటి పువ్వు చూశాను. కొనలు కలిసి ఉన్నాయి. సంతోషంతో సారును పిలిచాను. ఆయన వచ్చి వంగి, అదే మొక్కకు పక్కనున్న పువ్వు చూశారు. దాని కొనలు విడిగా ఉన్నాయి.

ఒకే కాడ. పక్కపక్కన పూసిన రెండు పూలు. ఒకటి కొత్త జాతి, రెండోది పాత జాతి.

పెద్దాయనకు అక్కడి నుంచే ఫోన్ చేశాం. పొద్దున కలిసి ఉండి సాయంత్రానికి విడిపోతాయేమో, రోజంతా కూర్చుని చూడండన్నారు. మరునాడు కూర్చున్నాం. కొన్ని విడిపోయాయి. కొన్ని అలాగే ఉన్నాయి. ఒక పువ్వు మధ్యాహ్నం విడిపోయి సాయంత్రం మళ్ళీ దగ్గరికి వచ్చినట్టు నాకు అనిపించింది, సారుకు అనిపించలేదు. మేమలా ఒక పువ్వు చుట్టూ గొడుగు పట్టుకుని కూర్చోవడం చూసి ఆమె మాకెదురుగా వచ్చి కూర్చుంది. ఏం చూస్తున్నామని అడిగింది. ఈ మొక్క ఇంతకుముందు ఎవరూ పుస్తకంలో రాయనిదైతే దీనికి పేరు పెడతామని సారు చెప్పారు. ప్రపంచంలో ఈ గుట్ట మీదే ఉండొచ్చని కూడా చెప్పారు.

ఆమె భర్త దూరం నుంచి వింటున్నాడు. దగ్గరికి వచ్చాడు.

"పేరు పెడితే, మమ్మల్ని ఈడ తవ్వుకోనిస్తారా సామీ?"

అరుదైన మొక్క అని రాస్తే దాన్ని కాపాడమని కూడా రాయాలి. కాపాడటమంటే మొదట ఆపేది తవ్వేవాళ్ళనే. వీళ్ళు తరాలుగా తవ్వినా ఇక్కడ మొక్కలు పోలేదు. వీళ్ళు తవ్వడం వల్లే వేరే చోట్ల పోయాయేమో, అదీ మాకు తెలీదు. నా తలలో రెండు వాదనలూ సమానంగా నిలబడ్డాయి. సారు చివరికి, పేరు పెట్టేదాకా ఏమీ మారదని అన్నారు. ఆమె భర్త తల ఊపాడు గానీ, ఆ తర్వాత మాతో అంతగా మాట్లాడలేదు. ఆమె మాత్రం దిగేటప్పుడు మళ్ళీ గడ్డలు ఇవ్వబోయింది. తీసుకోవాలో వద్దో తెలియక నేను సారు వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. ఇద్దరం ఒకటొకటి తీసుకున్నాం. సారు తన గడ్డను స్పిరిట్ సీసాలో వేశారు. నేను నాది రూముకు తీసుకెళ్ళి రెండు రోజులు కిటికీలో పెట్టుకుని, మూడో రోజు తిన్నాను. ఈసారి చేదుగానే ఉంది.

ఆ ఏడాదే సారు రిటైరయ్యారు. ప్రాజెక్టు రిపోర్టులో ఆ మొక్క చోట జాతి పేరు లేకుండా ఒక ప్రశ్నార్థకం పెట్టాం. పెద్దాయన జన్యు పరీక్ష చేయించమన్నారు. ఆకులు పంపాం, నమూనా చెడిపోయిందని తిరిగొచ్చింది. ఇంతలో వేరే చోటి వాళ్ళు వేరే కొండ మీద దొరికిన ఒక మొక్కకు కొత్త పేరు పెట్టి ప్రచురించారు. ఆ ఫొటోను సారు నాకు వాట్సాప్‌లో పంపి, మనదేనా అని అడిగారు. పెద్దది చేసి చాలాసేపు చూశాను. రంగు మనదే. ఆకు కొంచెం వెడల్పు. కొనలు కలిసి ఉన్నాయి, అయితే ఆ ఒక్క పువ్వును ఏ పూట తీశారో రాయలేదు. కావచ్చు సార్ అని రాశాను. కాసేపటికి, కాకపోవచ్చు కూడా అని ఇంకో మెసేజ్ పెట్టాను. ఆయన రెండింటికీ బొటనవేలు గుర్తు పెట్టారు.

నేను ఇప్పుడు చిత్తూరులో మళ్ళీ పాఠాలు చెబుతున్నాను. రేకులు కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని రెండుసార్లు చదువుతాను. పిల్లలు గమనించారో లేదో తెలీదు.

మొన్న వేసవిలో అమ్మను తీసుకుని తిరుచానూరు వెళ్ళాను. దర్శనం అయ్యాక లాడ్జి మెట్ల మీద కూర్చుని ఉంటే, బకెట్ పట్టుకుని వరండా తుడుస్తున్న ఒకామె నన్ను పరిశీలనగా చూసింది. ముందు నేను గుర్తు పట్టలేదు. మేకలు అమ్మేశామని, ఆయనకు మోకాళ్ళు పట్టేశాయని, ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారని చెప్పింది. గుట్ట మీదికి పోయి రెండేళ్ళయిందట.

"పేరు పెట్టినారా అమ్మణ్ణీ?" అని అడిగింది.

లేదన్నాను. ఎందుకు పెట్టలేదో చెప్పడానికి ప్రయత్నించాను. ఒకే మొక్కకు రెండు రకాలు పూశాయని, వేరే వాళ్ళు పెట్టిన పేరు దీనిదో కాదో తేలలేదని చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. పేరు పెట్టకపోవడమే మంచిదైందని ఆమె అంటుందేమో అనుకున్నాను, లేకపోతే బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె, "మేం పోయేది మానుకున్నాక ఇప్పుడు ఆ గడ్డలు ఎక్కువయింటాయా, తక్కువయింటాయా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. తెలీదన్నాను. సారుతో ఒకసారి పోయి చూడాలన్నాను. లోపలి నుంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తానని బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎవరామె అని అమ్మ అడిగింది. కొండ మీద పరిచయం అన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తోచలేదు. ఆమె పేరు నేను ఎప్పుడూ అడగలేదు.