గుంత లేని ఇల్లు

నాలుగేళ్ల కిందటి కార్తీకమాసం. కోస్తాలో తీరం దాటిన తుఫాను అక్కడితో ఊరుకోక మా కరువు సీమదాకా వచ్చి మూడు రోజులు కురిసింది. ధర్మవరం పక్కనున్న ఒక ఊళ్లో చెరువు కట్ట తెగి నేతగాళ్ల వీధి మొత్తం మునిగింది. నేనప్పుడు గృహనిర్మాణ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుని. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎండిన బోర్లు చూశాను గానీ వరద చూడలేదు. వరద నష్టం రాసుకునే ఫారం కూడా మా ఆఫీసులో లేదు. పక్క జిల్లా నుంచి తెప్పించి జిరాక్సు తీయించాం.

వీధిలో పద్దెనిమిది మట్టి మిద్దెలు కూలాయి. జనం ముందే బడికి చేరడం వల్ల ప్రాణాలు దక్కాయి. ఫారం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. గోడలు, పైకప్పు, తలుపులు అని గడులున్నాయి. మగ్గానికి గడి లేదు. లేదన్న సంగతి ఆ రోజు నాకూ తట్టలేదు.

రామాంజనేయులు ఇంటి ముందు మాత్రం కాసేపు నిలబడిపోయాను. అరవై దాటిన మనిషి. ఆయనది గుంత మగ్గం. నేలలో నడుములోతు గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి పలకలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంత బురదతో నిండి గచ్చుతో సమమైపోయింది. సగం నేసిన పెళ్లి చీర అందులోనే ఉంది. ఆయన భార్య ఆదిలక్ష్మి దోసిళ్లతో బురద ఎత్తిపోస్తోంది. ఆయన చూస్తూ కూర్చున్నాడు.

"దిగులు పడొద్దన్నా. నాలుగు నెలల్లో కొత్తిల్లు కట్టిస్తా" అన్నాను. ఆయన పలకలేదు. తర్వాత తెలిసింది, ఆ రోజు నుంచి ఎవరితోనూ పెద్దగా పలకడం లేదని, పగలంతా బడి అరుగు మీదే కూర్చుంటున్నాడని.

కొత్త ఇళ్లకు ప్లింత్ దగ్గర నేను పై అధికారులతో తగువు పడ్డాను. ప్లింత్ అంటే వీధి మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే ఎత్తు. డిజైనులో ఒకటిన్నర అడుగు ఉంటే, బడి గోడ మీద నీటి మరక చూపించి రెండున్నరకు పెంచాను. తగువులు నాకు కొత్త కాదు, ఆఫీసులో నాకొక పేరే ఉంది, ఇక్కడ రాయను. లోపల గ్రావెల్ నింపించి, దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీటు పోయించాను. పద్నాలుగు రోజులు దగ్గరుండి క్యూరింగ్ చేయించాను. కాంక్రీటు గట్టిపడాలంటే అన్ని రోజులూ దాన్ని తడిగా ఉంచాలి.

అందరికంటే ముందు రామాంజనేయులు ఇల్లు పూర్తయింది. మిగతా పదిహేడూ ఇంకా పునాదుల దగ్గరే ఉన్నాయి. తాళం చేతికిచ్చినప్పుడు ఆదిలక్ష్మి గదంతా కలయజూసింది.

"ఇల్లు బాగుండాది మేడమ్. మా ఆయప్ప కాళ్లు యాడ పెట్టుకోవల్ల?"

"స్టాండు మగ్గం పెట్టుకోండమ్మా. గచ్చు మీదే నిలబడ్తాది. గుంతెందుకు, మళ్లీ మునిగేదానికా?"

"నీదేవూరు మేడమ్?"

"కదిరి పక్కన."

"కదిరిలో ఎండాకాలం పెదాలు పగల్తాయా, లేదా?"

"పగల్తాయి."

"పట్టుపోగు గూడా అంతే. గుంతలో చెమ్మ ఉంటేనే మాట ఇంటాది. నువ్వు తడి రాకూడదని కట్టినావు. మాకు ఆ తడే కావల్ల."

నేను ఒప్పుకోలేదు. ఇంత కష్టపడి కట్టిన దానికి ఎవరైనా వంక పెడితే నాకు ముందు కోపం వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. "ముందు నేసి చూడండి" అని వచ్చేశాను. వాళ్లు బంధువుల స్టాండు మగ్గం తెచ్చుకున్నారు. ఫాల్గుణం ఎండలు మొదలయ్యాయి. జానెడు నేసేలోపు, నిలువునా బిగించిన పడుగు పోగులు పటపటా తెగుతున్నాయట. వారం రోజులు అతికి అతికి, ఆయన లేచి వెళ్లి మళ్లీ బడి అరుగు మీద కూర్చున్నాడు.

ఆదిలక్ష్మి ఆఫీసుకే వచ్చింది. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

"సోమవారం నుంచి పెట్రోలు బంకులో వాచ్‌మన్ పనికి పోతాడంట. పదేండ్లకే మగ్గమెక్కినోడు మేడమ్. ఒకసారి దిగితే మళ్లీ ఎక్కడు."

ఆ రోజు శుక్రవారం. ఆమెతో పాటే బయల్దేరాను. బడి అరుగు దగ్గర ఆయనతో, "లెయ్యన్నా, గచ్చు పగలగొడదాం. యాడ కావల్లో చూపించు" అన్నాను. నమ్మలేనట్టు చూసి, లేచి వచ్చాడు.

గది నడుమ సుద్దముక్కతో గుంత గీశాను. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, కాలి బొటనవేలితో నా గీతను చెరిపేశాడు.

"ఈడ గాదు."

"ఏం?"

"ఈడ కూచుంటే నా నీడ నా పోగుల మీదే పడ్తాది. కిటికీ పక్కన కావల్ల."

"గోడకు మూడడుగుల లోపల తవ్వితే పునాది కుంగుతాది."

"మా నాయన తవ్వినాడు. కుంగలేదు."

"మొన్న కూలింది గదా!"

అనకూడని మాట అనేశాను. ఆదిలక్ష్మి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నా వైపు సూటిగా చూశాడు.

"అది నీళ్లకు కూలింది, గుంతకు గాదు. ఇంజనీరు చదివినావు, ఆ మాత్రం తెలీదా?"

అంతే, గంటసేపు వాదించుకున్నాం. నాలుగు నెలలు నోరు విప్పని మనిషి నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. గుంత జరపనని ఆయన, గోడ జరపనని నేను. చివరికి గుంత గోడకు మూడడుగులు ఇవతలికి వచ్చింది, కిటికీ రెండడుగులు కిందికి దిగింది. కిటికీ ఎత్తు మేం నిలబడే మనిషికి లెక్కేస్తాం. ఆయన పగలంతా కూర్చుని ఉంటాడు.

నేను దగ్గరుండి తడిపించిన కాంక్రీటు గడ్డపారకు ఒక పట్టాన లొంగలేదు. గ్రావెల్ దాటి పాత ఇంటి నేల తగిలాక ఆయన గుంతలోకి దిగాడు. పిడికెడు మన్ను తీసి పిసికి చూసుకున్నాడు.

"ఉండాది" అన్నాడు.

పక్కలకు బండలు పేర్చి, అడుగు మాత్రం మన్నుగానే వదిలేశాం. బురదలోంచి తీసి కడిగి దాచిన పాత పడుగు కొసలకు ఆదిలక్ష్మి కొత్త పోగులు ఒక్కొక్కటే అతికింది. సోమవారం ఆయన బంకుకు పోలేదు.

పూర్తయిన గచ్చు ఎందుకు పగలగొట్టావని నాకు మెమో వచ్చింది. తప్పు నాదేనని రాసి, జతగా మగ్గం గుంతతో కొత్త డ్రాయింగు పెట్టాను. అప్పటి నుంచి ఏ ఊళ్లో ఏ ఇంటికైనా, సున్నంతో పునాది గీతలు వేసే ముందు ఒక మాట అడుగుతున్నాను: మీరు పగలంతా ఎక్కడ కూర్చుంటారు?

నెల తర్వాత మిగతా ఇళ్ల పనికి పోతూ వాళ్లింట్లో తొంగి చూశాను. నాడె పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతోంది. ఆయన తలెత్తలేదు.

"మేడమ్, కిటికీ ఇంకో బెత్తెడు కిందికుంటే బాగుండు."

"అప్పుడే చెప్పల్ల గదన్నా!"

"అప్పుడు నువ్వు యాడ ఇన్నావు?"

బయటికొచ్చాను. మిగతా పదిహేడిళ్లకూ కిటికీ బెత్తెడు కిందికే పెట్టించాను. ఆయనకు మాత్రం చెప్పలేదు.