మిగిలిన రాయి

భద్రాచలం అడవిలో, గుట్ట నడుమనున్న విడిది గుడిసెకు సెలవులకొచ్చే కుటుంబాలను పగిడయ్యే అక్కడి నుంచి గుట్ట కొసకెక్కిస్తాడు. మనుషులను వేలు చూపి లెక్కపెట్టడు. అలా చేస్తే అడవికి అప్పజెప్పినట్టేనని భయం. ఎక్కేముందు మనిషికో గులకరాయి గుడిసె గడప దగ్గరి చిప్పలో వేస్తాడు, దిగొచ్చాక మనిషికొకటి తీసి పారేస్తాడు. ఆ రోజు పొగమంచు కమ్మింది. ఖమ్మం నుంచి వచ్చిన రాంబాబు, భార్య శ్యామల, ఇద్దరు పిల్లలు వణుకుతూ అతని వెంట గుడిసెకు దిగారు. పగిడయ్య నాలుగు రాళ్లు తీశాడు. చిప్పలో ఇంకొకటి ఉంది. "పైన ఇంకెవరున్నరు?" అంటూ తాడు భుజానేసుకుని మళ్లీ మంచులోకి ఉరికాడు.

"ఆగు బిడ్డా!" గుడిసెలోనే ఉండిపోయిన రాంబాబు తల్లి భారతమ్మ కేకేసింది. "అది నీ రాయే. నీకు నువ్వు ఎయ్యకపోతివి, నేనేసిన. నువ్వు రాకుంటే ఎవరికి తెలుస్తది?"

ఇన్నేళ్లూ వచ్చినవాళ్ల కోసం భయపడ్డ పగిడయ్యకు మొదటిసారి తన కోసం భయమేసింది.