మస్తాన్ చాచా కిటికీ అట్ట

ఇంటికి పంపే కార్గో పెట్టె మీద పేరు, ఊరు రాద్దామని నిన్న నల్ల మార్కర్ మూత తీశాను. ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా చెయ్యి అక్షరాలు మానేసి ఎడమ నుంచి కుడికి దగ్గర దగ్గరగా గీతలు గీయసాగింది. "ఏందన్నా, పేరు రాయమంటే గోడకు సున్నమేస్తున్నవ్?" అన్నాడు కార్గో దుకాణమతను. నాకు నవ్వొచ్చింది. ఆ గీత నాది కాదు, మస్తాన్ చాచాది.

మస్తాన్ చాచాది కడప. ఇరవై ఏళ్ళ కింద సౌదీలోని అల్ ఖోబర్‌లో, విదేశీ పత్రికలను దుకాణాలకు పంచే ఒక గోదాములో ఆయన పెద్ద మేస్త్రి. నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, కట్టడం పనిలో రెండు ఎండాకాలాలు మాడి, రెండుసార్లు ఎండదెబ్బకు పడిపోయినవాణ్ణి. మా కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, జాలిపడి ఆ గోదాముకు పంపాడు. అక్కడి మేనేజరు సౌదీ మనిషి, అందరం ముదీర్ అనేవాళ్ళం. మూడు నెలలు చూస్తానన్నాడు. పని బాగుంటే ఫ్యాను కింద కూర్చోవచ్చు, లేకుంటే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తాడు. ఆ ఫ్యాను గాలి కోసం నేను ఏ దేవుడికి మొక్కలేదో అడగండి.

పని ఏమిటంటే, పత్రికల్లో అరకొర బట్టలతో ఉన్న ఆడవాళ్ళ బొమ్మలుంటాయి కదా, వాటిమీద నల్ల మార్కర్ పూయాలి. మోచేతి పైన, మోకాలి పైన, మెడ కింద. ఒక్క పేజీ తప్పిపోయినా తనిఖీకి వచ్చేవాళ్ళు పెట్టెకు పెట్టె పట్టుకుపోతారు. మొదటిరోజు మొదటి పేజీ తెరిచి, తెరిచినవాణ్ణి తెరిచినట్టే ఉండిపోయాను. నెత్తిన ఒకటి పడింది.

"యాడ చూస్తాండావురా లింగా?"

"పని చూస్తున్న చాచా."

"పని మోకాలి కాడ ఉండాది. నువ్వు మొగం కాడ ఉండావు."

ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఇలాంటి బొమ్మలు చూస్తూ బతకడమెలాగని మొదట్లో చాలా బాధపడి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. అట్టముక్కకు నడుమ అగ్గిపెట్టెంత కిటికీ కోశాడు. దాన్ని పేజీ మీద జరుపుతూ, కిటికీలో కనపడ్డంత మేరకే నలుపు పూస్తాడు. నాకూ ఒకటి కోసిచ్చి, "మొత్తం చూస్తే పాపం, ముక్క చూస్తే పని" అన్నాడు. నాకది మంత్రోపదేశమే అయింది.

నేను ఆ అట్టను ఇంటికి ఫోను చేసేటప్పుడు కూడా వాడాను. ఏం పని అని నా భార్య లచ్చవ్వ అడిగితే, "బట్టలు లేనోళ్ళకు బట్టలు తొడిగే పని" అని ఆ ముక్క వరకే చెప్పాను. అది వాడంతా పాకింది. మా అమ్మ ఫోను లాక్కుని, "ఇయ్యాల ఎందరికి తొడిగినవ్ బిడ్డా?" అని అడిగింది. "నాలుగు వందల మందికి అవ్వా" అన్నాను. పాపం, కళ్ళు తుడుచుకుందట.

ఒకరోజు ఫొటోల చరిత్ర మీద లావుపాటి పుస్తకమొకటి వచ్చింది. అందులో ఏదో దేశపు పాత పత్రికల పేజీలున్నాయి. ఆడా మగా, ముసలీ ముతకా, ఒంటిమీద నూలుపోగు లేకుండా బంతాట ఆడుతున్నారు! నా కిటికీ ఎక్కడ పెట్టాలో తెలియక చాచాను పిలిచాను. ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు. కింద రాసింది చదివి చెప్పాడు. "వీళ్ళంతా ఒక మతం మాదిరి మనుషులంట. ఒంటికి ఎండ తగిల్తే ఆరోగ్యమని పత్రిక పెట్టుకున్యారు. పోస్టాఫీసోళ్ళు ఇది బూతు, మేం మొయ్యమన్యారు. కోర్టుకు పోయినారు. జడ్జి ఒక్కో ఫొటో ముందరేసుకుని, ఎంత దూరం నుంచి తీసినారు, నీడ యాడ పడింది అని తీర్పులో రాసినాడంట."

"జడ్జికి అట్ట లేకుండెనా చాచా?"

"లేదు పాపం, మొత్తం చూసినాడు."

తర్వాత ఆయన పేజీని వెలుతురుకు పట్టుకున్నాడు. ఆ బొమ్మల్లో నడుము కిందంతా రుద్దేసి, పిండిబొమ్మల్లాగా నున్నగా ఉంది. చివరికి కోర్టులు ఒప్పుకున్నాయట గానీ, అంతకుముందు అచ్చు వేయాలంటే అలా రుద్దాల్సి వచ్చేదట. చాచా దాన్ని వేలితో తడిమి, "ఎవుడో గానీ పనిమంతుడురా. ఆ దేశంలో గూడా ఒక మస్తాన్ ఉన్యాడు!" అని మురిసిపోయాడు. సొంత అన్నదమ్ముడు కనపడినంత సంతోషం ఆయనకు. ఆ పేజీలను మాత్రం పద్ధతి ప్రకారం చింపేశాడు.

నా మూడు నెలలు ఇంక వారంలో నిండుతాయనగా చాచా షుగరు పరీక్షకు ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ రోజు వచ్చిన ఒక పెట్టె మొత్తం నేనొక్కణ్ణే చేశాను. కిటికీలో తెల్లటి నున్నటి తొడ, కింద మోకాలు. రూలు రూలే. మూడు వందల ప్రతులకు, చెయ్యి నొప్పి పెట్టినా, ఒక్కటీ వదలకుండా పూశాను. తెల్లారి ముదీర్ వచ్చి ఒక ప్రతిని బల్లమీద విసిరికొట్టాడు. అది వంటల పత్రిక. పళ్ళెంలో ఈకలు పీకిన కోడి, వెల్లకిలా.

"దజాజ్ కో అబాయా కోన్ పహ్‌నాయా?" అని అరిచాడు. కోడికి నల్ల బురఖా ఎవడు తొడిగాడని. "ఖలాస్. ఎగ్జిట్" అన్నాడు. నా కళ్ళముందు ఫ్యాను తిరగడం ఆగిపోయింది.

చాచా తొణకలేదు. పూయని ప్రతి ఒకటి తెచ్చి, దానిమీద తన కిటికీ అట్ట పెట్టి, "ముదీర్, మీరే చూసి చెప్పండి. కోడా, మనిషా?" అని ఉర్దూలో అడిగాడు. ముదీర్ వంగి చూశాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఉన్నట్టుండి "అస్తగ్‌ఫిరుల్లా!" అంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు చాచా అట్ట లేపాడు. కోడి.

"ఆడమనిషి కాలికీ కోడికాలికీ తేడా తెలియని అమాయకుడు. ఈ పనికి ఇంతకన్నా శుద్ధమైనవాడు మీకు దొరుకుతాడా?" అన్నాడు చాచా. ముదీర్ తలగుడ్డ జారిపోయేదాకా నవ్వాడు. నా ఫ్యాను మళ్ళీ తిరిగింది.

ముదీర్ వెళ్ళాక నా నెత్తిన రెండోది పడింది. "అట్ట పెట్టేది నేర్పినా గానీ లేపేది నేర్పలేదు. తప్పు నాదే. నలుపు పూసే ముందర ఒకతూరి లేపి మొత్తం చూడు. అంతమాత్రం చూపుని అల్లా మాఫ్ చేస్తాడు. ఏ పాపం తెలీని కోడికి నలుపు పూస్తే అది మాఫ్ చెయ్యదు."

చాచా పని చాలించి ఫైనల్ ఎగ్జిట్‌లో కడప వెళ్ళేరోజు తన అట్టను నా చేతిలో పెట్టాడు. ఇప్పుడా గోదాములో షాంపూ పెట్టెలున్నాయి, పత్రికలు లేవు. అట్ట మాత్రం నాతోనే ఉంది. మొన్న గదిలో నా చేపల కూర మాయమైతే, నాతో ఉండే బెంగాలీ అతని మీద నోరు చేసుకోబోయి, చాచా మాట గుర్తొచ్చి ముందు మెల్లగా అడిగాను. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కిటికీలో పిల్లి మూతి నాకుతూ కూర్చుని ఉంది.

నిన్న కార్గో దుకాణంలోంచే లచ్చవ్వకు వీడియో కాల్ చేశాను. నా నల్లటి వేళ్ళు చూసి, "ముసలోనివైనంక ఎవలికి బట్టలు తొడుగుతున్నవ్?" అంది. ఇన్నేళ్ళకు ఆమె ముందు కూడా అట్ట లేపుదామనిపించింది. మోకాలి నుంచి కోడి దాకా అంతా చెప్పేశాను. పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆగింది.

"అయితే కోడి తర్వాత, పూసే ముందు ప్రతిసారి అట్ట లేపి మొత్తం చూసినవా?"

"పని కోసమే గదనే!"

"ఆ అట్టను గా పెట్టెల పెట్టి పంపు."

పెట్టెకు టేపు వేయడం అప్పటికే అయిపోయిందని చెప్పాను. నిజానికి సగమే వేశాను. మిగతా సగం గబగబా వేసేశాను. అట్ట నా పర్సులో, ఇకామా గుర్తింపు కార్డు పక్కనే ఉంది.