సాంచాల కాడి సైగలు

2017ల సిరిసిల్లల, స్పెషల్ పిల్లల సెంటర్‌ల నేను ఆయమ్మను. చదివింది మూడో తరగతే. పిల్లలకు తినిపిచ్చుడు, టీచరమ్మ చెప్పిచ్చింది మళ్ల మళ్ల అనిపిచ్చుడు నా పని.

గా ఏడు తంగళ్ళపల్లి నుంచి లత తన బిడ్డ హారికను తోలుకచ్చింది. ఆరేండ్ల పిల్ల, పుట్టు చెవుడు. తండ్రి సాంచాలు నడుపుతడు; పవర్‌లూమును మా దిక్కు సాంచా అంటం. లత గక్కడనే నూలు కండెలు చుడతది. ఆ చప్పుడుల మాట ఇనరాదు, అందరు చేతులతోనే మాట్లాడుకుంటరు. పోగు తెగితే ఒక సైగ, చాయ్ అస్తే ఒకటి, సేటు అస్తుంటే బొజ్జ మీద చెయ్యి తిప్పుడు. హారికకు ఆ సైగలన్నీ ఎరుకే. నేను పెద్ద బొట్టు పెట్టుకుంటనని, తన నుదుటి మీద వేలుతోని బొట్టు రాసి నాకు సైగ పేరు పెట్టింది.

పిల్లకు హియరింగ్ ఎయిడ్ ఇచ్చిండ్రు. దాన్ని చెవుల నిలబెట్టే అచ్చును ఇయర్ మోల్డ్ అంటరు. "పలికియ్యి ఆయమ్మా" అన్నది టీచరమ్మ, గంతే. అతి చేసింది నేను.

"లతా, ఇంట్ల సైగలు బంద్ పెట్టుండ్రి. చెయ్యి లేపితే చూడనట్టే ఉండుండ్రి."

"నీళ్లడిగినా గంతేనా అక్కా?"

"నీళ్లడిగినా గంతే."

"బిడ్డతోని ముచ్చట పెట్టంది మా ఆయనకు బువ్వ దిగదు."

"ఆయన చేతులు గూడ కట్టెయ్యి" అని నవ్విన.

లత నా మాట తప్పలే. కొన్ని నెలలకు హారిక "అమ్మ" అన్నది. సెంటర్‌ల అందరికి శక్కర్ పంచిన. పిల్ల చేతులు ఎనకకు కట్టుకొని కూసునుడు మొదలుపెడితే, బుద్ధి అచ్చింది అనుకున్న.

దసరా సెలవులైనంక మోల్డు తీసి చూస్తే చెవి లోపల చీము. అచ్చు ఒరుసుకొని పుండయింది.

"నొస్తుందని చెప్పలేదా?" అని లత మీదికి లేచిన.

"ఎట్ల చెప్తది అక్కా? నోట్ల ఉన్నది ఒక్కటే మాటనాయె. నాలుగు దినాలు అమ్మ, అమ్మ అన్నది. మాట అస్తుందని మేం సంబురపడ్డం."

పుండు మానింది. తండ్రి చేతులతోని ఎంత పిలిచినా, చాన దినాలు పిల్ల చేతులు ముందటికి తియ్యలే.

పలికిచ్చుడు తప్పు కాదు, ఉన్న మాటను గుంజుకునుడు తప్పు. ఇప్పుడు ఏ తల్లి అచ్చినా మొదలు గిదే అడుగుత: "మీ ఇంటి సైగలు నాకు నేర్పుండ్రి."

మొన్న బస్టాండ్‌ల తల్లీబిడ్డలు కలిసిండ్రు. హారిక ఎదిగింది, సైగలతోని చెప్పే బడిల చదువుతున్నది. నన్ను గుర్తుపట్టి తల్లికి చూపిచ్చింది. నుదుటి మీద బొట్టు రాయలే. రెండు చేతులు ఎనకకు కట్టుకుంది.

లత తల వంచుకొని చెప్పింది. వాళ్లింట్ల నా పేరు గదేనట.